గుంట కొలత: సింగపూర్ రచనలో భయం, ధ్వని, మౌనం

1994 సెప్టెంబరు 3న సింగపూర్ దినపత్రిక ‘స్ట్రెయిట్స్ టైమ్స్’లో క్యాథరిన్ లిమ్ ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటికే ఆమె ఆ దేశంలో పేరున్న కథారచయిత్రి. 1978లో వచ్చిన ఆమె ‘లిటిల్ ఐరనీస్’ కథలను బడిలో పాఠంగా చదువుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. అధికారంలో ఉన్న పీపుల్స్ యాక్షన్ పార్టీ సామర్థ్యాన్ని ప్రజలు ఒప్పుకుంటారు, దాని ఫలితాలను అనుభవిస్తారు, కానీ ఆ పార్టీ మీద వాళ్ళకు మమకారం లేదు, పాలకులకూ పాలితులకూ మధ్య మనసుల ఎడం ఏర్పడింది అన్నది ఆ వ్యాసం సారం. నవంబరులో వచ్చిన రెండో వ్యాసంలో, ప్రధాని గోహ్ చోక్ టాంగ్ తెస్తానన్న మెత్తని పాలనాశైలి వెనుక పాత కఠినశైలి చెక్కుచెదరకుండా ఉన్నదని సూచించారు. దీనికి ప్రభుత్వం జవాబిచ్చింది. రాజకీయాల దిశను నిర్ణయించాలనుకునేవారు పార్టీలో చేరి ఎన్నికల బరిలో దిగాలి. బయట నిలబడి ప్రధాని అధికారాన్ని పలుచన చేస్తే ఊరుకోబోమన్నది.

ఆ తర్వాత ఆమెకు ఏమీ కాలేదు. అరెస్టు లేదు, వ్యాజ్యం లేదు, పుస్తకాల మీద నిషేధం లేదు. ఆమె మళ్ళీ కథలూ నవలలూ రాశారు, రాజకీయ వ్యాసాలూ రాశారు. అయినా ఈ ముప్పై ఏళ్ళలో సింగపూర్ రచయితల భయం గురించి ఎవరు రాసినా ఆ సంఘటన దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళలేదు. వ్యంగ్యకథకురాలిగా పదహారేళ్ళు ఎవరికీ అభ్యంతరం కాని మనిషి, అదే చూపును పత్రికా వ్యాసంలోకి తెచ్చేసరికి హద్దు దాటారు. ఆ హద్దు అక్కడ ఉందని ఆమెకు గానీ, అచ్చువేసిన సంపాదకులకు గానీ ముందుగా తెలిసినట్టు లేదు.

ఆ హద్దుకు సింగపూర్‌లో ఒక పేరుంది: ‘ఓబీ మార్కర్లు’. గోల్ఫ్ ఆటలో బంతి దాటకూడని సరిహద్దును సూచించే కొయ్యల పేరు అది. 1991లో సమాచార, కళల మంత్రి జార్జ్ యో ఈ మాటను రాజకీయ చర్చకు అన్వయించాక అది ఆ దేశపు వాడుకలో స్థిరపడిపోయింది. ‘స్ట్రెయిట్స్ టైమ్స్’కు చాలాకాలం ప్రధాన సంపాదకుడిగా పనిచేసిన చియాంగ్ యిప్ సెంగ్ 2012లో ప్రచురించిన తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ పేరే పెట్టుకున్నారు. పోలిక బాగుంది కానీ ఒక తేడా ఉంది. గోల్ఫ్ మైదానంలో కొయ్యలు ఆట మొదలు కాకముందే పాతి ఉంటాయి. ఇక్కడ బంతి దాటిన తర్వాత పాతుతారు. అందువల్ల అనుభవం ఉన్న ఆటగాడు అసలు హద్దుకు ఇరవై గజాల ఇవతలే ఆడతాడు. ఆ ఇరవై గజాల్లో ఏముండేదన్నదే ఈ వ్యాసానికి విషయం.

ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. 1950 డిసెంబరులో మరియా హెర్టాగ్ అనే బాలిక సంరక్షణ వ్యాజ్యంపై చెలరేగిన అల్లర్లలో పద్దెనిమిది మంది చనిపోయారు. పత్రికల్లో వచ్చిన ఫొటోలు ఆ మంటకు ఆజ్యం పోశాయి. 1964లో మలయ, చైనీయుల మధ్య రెండు విడతల అల్లర్లలో ముప్పై ఆరుగురు పోయారు. మాట మనుషులను చంపగలదన్న పాలకుల వాదనకు అక్కడ చరిత్ర ఆధారం ఉంది. దాన్ని కొట్టిపారేసే విమర్శకుడిని ఆ దేశంలో ఎవరూ లెక్కచేయరు. చిక్కేమిటంటే, ఆ ఆధారంతో కట్టిన చట్టాలు ఆ పనికే పరిమితం కాలేదు. విచారణ లేకుండా నిర్బంధించే అంతర్గత భద్రతా చట్టాలతో 1963 ఫిబ్రవరి 2న నూరుమందికి పైగా వామపక్షీయులను పట్టుకున్నారు. 1987లో ‘మార్క్సిస్టు కుట్ర’ పేరిట ఇరవై ఇద్దరిని పట్టుకున్నారు. వాళ్ళలో చర్చి సేవకులూ, న్యాయవాదులూ, ‘థర్డ్ స్టేజ్’ అనే నాటక బృందం వాళ్ళూ ఉన్నారు. 1974 నాటి వార్తాపత్రికల చట్టం పత్రికా సంస్థల యాజమాన్యాన్ని ప్రభుత్వ ఆమోదానికి కట్టివేసింది. 2019లో ఆన్‌లైన్ అసత్యాల చట్టం వచ్చింది. పూర్వం ‘స్ట్రెయిట్స్ టైమ్స్’ విలేకరి, తర్వాత ఆచార్యుడు అయిన చెరియన్ జార్జ్ ఈ క్రమాన్ని పరిశీలించి ఒక మంచి మాట చెప్పారు: ఆ రాజ్యం బలప్రయోగాన్ని మానలేదు, కొలిచి వాడటం నేర్చుకుంది. జైలు తలుపు అరుదుగా తెరుచుకుంటుంది. ఉద్యోగం, గ్రాంటు, అనుమతి పత్రం, వేదిక వంటివి మాత్రం చడీచప్పుడు లేకుండా జారిపోవచ్చు.

మన అనుభవంతో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, కొన్ని భాగాలు తీసేశాక అనుమతించింది, మళ్ళీ నిషేధించింది, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక విడిచిపెట్టింది. ఆ నిషేధాలకు ఉత్తర్వులున్నాయి, తీసేసిన భాగాలేవో తెలుసు, వాటి మీద మన సాహిత్యచరిత్రకారులు పుటలకు పుటలు రాశారు. రచయిత రాత్రి కూర్చుని తనంతట తానే కొట్టేసుకున్న పేరాకు ఏ ఉత్తర్వూ ఉండదు. దాని చరిత్ర రాయడం ఎలా? విమర్శకుడికి చేతిలో ఉండేది అచ్చయిన పుస్తకమొక్కటే. అందులోని లేమిని పట్టుకోవడానికి ఒక పరికరం కావాలి.

ఆ పరికరం మన అలంకారశాస్త్రంలోనే ఉందని నాకు తోస్తుంది. అయితే దాన్ని మనం వాడే తీరు కొంచెం మార్చుకోవాలి. చెప్పకుండా చెప్పడమంటే తెలుగు పాఠకుడికి పుట్టుకతో వచ్చిన గౌరవం. ధ్వని, శ్లేష, అన్యాపదేశం, వ్యాజస్తుతి అన్నీ మనకు మెచ్చుకోలు మాటలే. దొరను తిట్టలేని కాలంలో కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయకుడిని మెచ్చుకుంటున్నట్టే దెప్పాడు. దండెత్తివచ్చిన సైన్యాన్ని ఆపలేని సింహాద్రి అప్పన్నను గోగులపాటి కూర్మనాథ కవి ముఖాముఖి నిలదీశాడు. అందుకే భయంతో రాసిన పరోక్షరచన ఏది కనబడినా దాన్ని ధ్వని ఖాతాలో జమకట్టేసే అలవాటు మనకుంది.

ధ్వని సిద్ధాంతం పుట్టిన చోటే ఈ అలవాటుకు విరుగుడు దొరుకుతుంది. ‘ధ్వన్యాలోకం’ రాసిన ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో కశ్మీర రాజు అవంతివర్మ కొలువులో వెలిగాడని కల్హణుడి ‘రాజతరంగిణి’ చెబుతుంది. అవంతివర్మ కవిపోషకుడు. అతని తర్వాత గద్దెనెక్కిన శంకరవర్మ కవులను పట్టించుకోలేదని, భల్లటుడి వంటివారు జీతం లేక నానా అవస్థ పడ్డారని, బరువులు మోసే లవటుడు అనేవాడికి మాత్రం రెండువేల దీనారాలు ముట్టాయని కూడా ఆ కల్హణుడే రాశాడు. ఆ భల్లటుడి శతకం నిండా అన్యాపదేశాలే. అంటే ధ్వనిని సిద్ధాంతీకరించినవాడు భయం లేని కొలువులో రాశాడు. ఆ తర్వాతి తరం కవి గడ్డురోజుల్లో అన్యాపదేశాన్ని ఆశ్రయించాడు. రెంటినీ ఒకటిగా చూడకూడదు. ఆనందవర్ధనుడు వాచ్యార్థాన్ని దీపంతో పోల్చాడు: వెలుగు కావాలనుకున్నవాడు దీపాన్ని జాగ్రత్తగా చూసుకుంటాడు. ధ్వని ఉన్న రచనలో పైకి చెప్పిన కథ నిండుగా, ఎక్కడా బీట లేకుండా ఉంటుంది. వ్యంగ్యార్థం దానికి అదనం. భయంతో కుదించిన రచనలో లోపం ఆ పైకథలోనే కనిపిస్తుంది. పాత్ర కోపానికి కారణం ఉండదు, మనిషికి ఉద్యోగం ఉండదు, ఊరికి పేరుండదు. దీపం ప్రమిదే పగిలి ఉంటుంది. ఈ గీటురాయి మీద సింగపూర్ రచనలను కొన్నింటిని గీసి చూద్దాం.

మొదట కువో పావ్ కున్. ఆధునిక సింగపూర్ నాటకరంగానికి పెద్దదిక్కు. 1976లో ఆయనను విచారణ లేకుండా నిర్బంధించారు. నాలుగేళ్ళ ఏడు నెలలు లోపలే ఉన్నారు. 1977లో పౌరసత్వం తీసేశారు. 1990లో అదే ప్రభుత్వం కళారంగంలో అత్యున్నతమైన కల్చరల్ మెడాలియన్ ఇచ్చింది. పౌరసత్వం మాత్రం 1992 వరకు తిరిగి ఇవ్వలేదు. మధ్యలో రెండేళ్ళు ఆయన ఏ దేశానికీ చెందని జాతీయ కళాకారుడు!

జైలు నుంచి వచ్చాక రాసిన ‘ది కాఫిన్ ఈజ్ టూ బిగ్ ఫర్ ది హోల్’ 1985లో ఇంగ్లీషులోనూ మాండరిన్‌లోనూ ప్రదర్శితమైంది. ఏకపాత్ర నాటకం. ఒక మనవడు తాతగారి అంత్యక్రియల సంగతి చెబుతాడు. తాత శవపేటిక పాతకాలపు భారీ కొయ్యపెట్టె. శ్మశానంలో తవ్విన గుంట ప్రభుత్వ ప్రామాణిక కొలతది. పెట్టె పట్టదు. అధికారి మర్యాదస్తుడే, కాకపోతే నిబంధన అతనికి కంఠతా వచ్చు: ఒక మనిషికి ఒక గుంట. శవాన్ని మామూలు పెట్టెలోకి మార్చవచ్చు కదా అన్న సలహా వస్తుంది. బంధువులంతా చూస్తుండగా వాదన సాగి, చివరికి ఒక మినహాయింపు దొరుకుతుంది. ఆ మినహాయింపు పదిమందికీ చాటుకోదగ్గ ఔదార్యంగా మారుతుంది. మనవడికి మాత్రం ఆ కల పదేపదే వస్తూనే ఉంటుంది. గుంటలన్నీ ఒకే కొలతలో, ఒకే వరసలో ఉంటే రేపు నా మనవలు నన్నెలా గుర్తుపడతారని అతని చింత.

ఈ నాటకంలో దుర్మార్గుడెవరూ లేరు. జైలు ఊసు లేదు, ప్రభుత్వం మీద నింద లేదు. రాతప్రతి చూసిన అధికారికి గీత గీయడానికి ఒక్క వాక్యం దొరకదు. అలాగని ఇది పిరికి నాటకమా? పైకథను చూడండి. పెట్టె కొలత, గుంట కొలత, అధికారి మాటతీరు, చూస్తున్న బంధుజనం, ఎండ, ఆలస్యం అన్నీ లెక్కప్రకారం ఉన్నాయి. స్థలం కొరతతో సతమతమయ్యే దీవిలో శ్మశానాల సమస్య నిజమైన సమస్య. 1998 నుంచి అక్కడ ఖననానికి పదిహేనేళ్ళ గడువు పెట్టారు. 2007 నుంచి చువా చు కాంగ్ శ్మశానంలో ఒకే కొలత కాంక్రీటు గుంటలు వచ్చాయి. నాటకకర్త ఊహను పురపాలన నిజం చేసింది. శ్మశానం గురించిన నాటకంగా అది సంపూర్ణం. దాని మీదినుంచే, మనుషులను కొలతకు కుదించే రాజ్యం గురించిన నాటకం లేచి నిలబడుతుంది. మినహాయింపు దొరకడమే ఈ నాటకంలో అన్నింటికన్నా భయంకరమైన ఘట్టం. అడిగితే దొరుకుతుంది కాబట్టి నిబంధన అలాగే ఉండిపోతుంది. క్యాథరిన్ లిమ్‌కు ‘ఏమీ కాకపోవడం’ కూడా అలాంటి మినహాయింపే. (అమరావతి నిర్మాణానికి సింగపూర్ నిపుణులు నమూనాలు గీసిన రోజుల్లో మన పత్రికలు ఆ నగరపు రోడ్లనూ గాజు మేడలనూ పేజీల కొద్దీ పొగిడాయి. అదే ప్రణాళికాబద్ధత మీద ఆ ఊరివాడే రాసిన ఈ నాటకాన్ని తెలుగులోకి తేవాలని ఎవరికైనా తోచి ఉంటే బాగుండేది.)

రాతప్రతి మాట వచ్చింది కాబట్టి ఇంకొక ముచ్చట. 1994 కొత్త సంవత్సరం వేళ జోసెఫ్ ఎంగ్ చేసిన ఒక ప్రదర్శన మీద దుమారం రేగి, ఆయనకు జరిమానా పడింది. దాంతో ముందుగా రాసిన పాఠం లేని కళారూపాలకు, అంటే పర్ఫార్మెన్స్ ఆర్ట్‌కూ ప్రేక్షకులే జోక్యం చేసుకునే ఫోరమ్ థియేటర్‌కూ, ప్రభుత్వ నిధులు దాదాపు పదేళ్ళు ఆపేశారు. సెన్సారుకు ముందుగా కాగితం కావాలి. ఈ నియమాన్ని మన అష్టావధానానికి వర్తింపజేస్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. దత్తపదులూ సమస్యలూ ముందే సమర్పించాలి. అప్రస్తుతప్రసంగికి ధరావతు కట్టించుకోవాలి. 2014లో మీడియా అభివృద్ధి సంస్థ ఇంకో అడుగు వేసి, నాటక బృందాలు తమ ప్రదర్శనలను తామే వర్గీకరించుకునే లైసెన్సు పథకం ప్రతిపాదించింది. చూడటానికి సౌలభ్యమే. కళాబృందాలు కూడబలుక్కుని కాదన్నాయి. ఇన్నాళ్ళూ లోపల్లోపల చేసుకుంటున్న పనిని నియమంగా రాసి, సంతకం పెట్టించి, తప్పితే శిక్ష వేస్తామంటే వాళ్ళకు తమ అలవాటు అద్దంలో కనబడింది. ఆ పథకాన్ని అదే ఏడాది ఉపసంహరించుకున్నారు.

సానీ లియూ గీసిన ‘ది ఆర్ట్ ఆఫ్ చార్లీ చాన్ హాక్ చాయ్’ (2015) బొమ్మల నవలది వేరే కథ. ఆవిష్కరణకు ముందురోజు జాతీయ కళామండలి తానిచ్చిన 8,000 డాలర్ల గ్రాంటును వెనక్కు తీసుకుంది. ప్రభుత్వ సంస్థల అధికారాన్ని, సాధికారతను ఆ పుస్తకం తగ్గించవచ్చునని కారణం చెప్పింది. మొదటి ముద్రణ చకచకా అమ్ముడైపోయింది. మరుసటి ఏడాది సింగపూర్ సాహిత్య బహుమతి, 2017లో అమెరికాలో మూడు ఐస్‌నర్ బహుమతులు వచ్చాయి. జెరెమీ టియాంగ్ ‘స్టేట్ ఆఫ్ ఎమర్జెన్సీ’ నవలకు కూడా గ్రాంటు మధ్యలో ఆగిపోయింది, దానికీ 2018లో ఆ సాహిత్య బహుమతే వచ్చింది. ఈ సంఘటనలను సెన్సారు ఓడిపోయిన కథలుగా చెప్పుకోవడం తేలిక. గ్రాంటు పోతుందేమోనని మొదలుపెట్టని పుస్తకాలు ఈ లెక్కలోకి రావు.

లియూ పుస్తకంలో చార్లీ చాన్ అనే కల్పిత చిత్రకారుడు యాభై ఏళ్ళ పాటు కామిక్కులు గీస్తాడు. మలయా విలీనాన్ని అడవి జంతువుల కథగా, లీ క్వాన్ యూ పాలనను సిరాలు అమ్మే స్టేషనరీ కంపెనీ కథగా, 1963లో నిర్బంధానికి గురైన లిమ్ చిన్ సియాంగ్ ప్రధాని అయిన మారు చరిత్రగా చెబుతాడు. అంటే పరోక్షంగా చెప్పే పద్ధతులన్నింటికీ ఈ పుస్తకం ఒక ప్రదర్శనశాల. స్టేషనరీ కంపెనీ భాగం నాకు అంతగా రుచించలేదు. అక్కడ ప్రతి పాత్రకూ ఒక తాళంచెవి ఉంది. తిప్పగానే అసలు పేరు బయటపడుతుంది, ఆ తర్వాత కథలో చూడవలసినది మిగలదు. అది సంకేతం, ధ్వని అనదగ్గది కాదు. ధ్వని ఉన్నది చార్లీ చాన్ గదిలో. అతని బొమ్మలను ఎవరూ నిషేధించలేదు. ఎవరూ అచ్చువేయలేదు, అంతే. వ్యాపారం లేదు, ప్రచురణకర్త లేడు, కాలం గడిచిపోయింది. ముసలివాడై, దొంతర్లు పెట్టిన కాగితాల మధ్య కూర్చున్న ఆ మనిషిని భయం ఆపిందా, బతుకు ఆపిందా అంటే పుస్తకం చెప్పదు. ఆ రెండూ విడదీయలేని స్థితి ఎలా ఉంటుందో అంత కచ్చితంగా చూపిన రచన ఇంకొకటి నేను చదవలేదు.

ఇప్పటివరకు చెప్పినవన్నీ రాజ్యం చదవగలిగిన భాషల్లోని సంగతులు. తెలుగువాళ్ళకు ఎక్కువ దగ్గరగా వచ్చేది తమిళ, ఇంగ్లీషు కవి, నాటకకర్త ఇళంగోవన్ అనుభవం. ఆయన ‘తలాక్’ నాటకం భారతీయ ముస్లిం స్త్రీల వైవాహిక హింస గురించినది. 1998 చివర ‘అగ్ని కూత్తు’ బృందం దాన్ని తమిళంలో ఆడింది. అడ్డుతగిలింది ప్రభుత్వం కాదు, సమాజం లోపలివాళ్ళు. నటికి బెదిరింపులు వచ్చాయి. 2000లో అదే నాటకాన్ని మలయ, ఇంగ్లీషు భాషల్లో ఆడబోతే మతసంస్థల అభ్యంతరాల మీద అనుమతి నిరాకరించారు. రిహార్సల్‌కు రంగశాలకు వెళ్ళిన బృందం అధ్యక్షురాలిని పోలీసులు పట్టుకున్నారు. చిన్న భాషలో ఉన్నన్నాళ్ళూ ఆ నాటకానికి రాజ్యం నుంచి కొంత చాటు ఉంది. ఇంటివాళ్ళ నుంచి మాత్రం ఏ చాటూ లేదు.

తమిళం అక్కడ అధికారభాష. తెలుగుకు ఆ హోదా లేదు. బడుల్లో రెండో భాషగా గుర్తించిన అయిదు తమిళేతర భారతీయ భాషల జాబితాలో, అంటే బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూల మధ్య, తెలుగు పేరు లేదు. సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడింది 1975లో. అంటే ఇక్కడ మన సాంస్కృతిక జీవితానికి యాభై ఏళ్ళు. ఈ యాభై ఏళ్ళలో తెలుగు కథ మీద ఏ అధికారీ కన్నేయలేదని ధైర్యంగా అనవచ్చు. అయితే నేను చదివినంతలో, ఆ ఊరి నేపథ్యంతో వచ్చిన తెలుగు రచన చాలావరకు ఉగాది, వాన, ఎంఆర్‌టీ ప్రయాణం, వెనక ఊళ్ళో అమ్మ అనే నాలుగు గోడల మధ్యే తిరుగుతుంది. పైన చెప్పిన గీటురాయి మీద గీస్తే పైకథలోనే ఖాళీలు కనబడతాయి. ఇంట్లో గిన్నెలు తోముతున్నది ఎవరో కథలో ఉండదు. నిజజీవితంలో ఆమె ఇండోనేషియా నుంచో మయన్మార్ నుంచో వచ్చి, వంటింటి పక్క చిన్న గదిలో పడుకుంటుంది. ఆమెకు వారానికో సెలవు చట్టం ప్రకారం 2013లో గానీ రాలేదు. ఆ ఆదివారం కోసం మన ఇళ్ళలో ఎలాంటి బేరాలు జరిగాయో కథకులకు తెలియనిది కాదు. భర్త ఉద్యోగం మీద డిపెండెంట్ పాస్‌తో వచ్చి, 2021 మే నుంచి సొంతంగా వర్క్ పాస్ ఉంటే తప్ప పనిచేయడానికి వీల్లేదన్న నియమంతో ఇంట్లో కూర్చున్న చదువుకున్న భార్య కథలో కనిపిస్తుంది గానీ, ఆమె ఎందుకు కూర్చుందో కథ చెప్పదు. దిగులు ఉంటుంది, కారణం ఉండదు. సంబంధాలు చూసేటప్పుడు తప్పకుండా వచ్చే కులం మాట కథలోకి వచ్చేసరికి ‘మనవాళ్ళు’ అయిపోతుంది.

ఈ ఖాళీలకు సింగపూర్ చట్టాలను కారణం చూపడం సులువు, కొంత గౌరవప్రదం కూడా. కానీ పనిమనిషి గది గురించి రాస్తే ఏ మంత్రిత్వశాఖకూ పట్టదు. పట్టేది పై అంతస్తు శ్రీనివాసరావుగారికి, ఆదివారం భోజనాల్లో ఎదురయ్యే ఆయన శ్రీమతికి, ఊళ్ళో ఉన్న మేనత్తకు. ప్రవాసంలో సంఘం చిన్నది. ఒకే వాట్సాప్ గుంపులో సంపాదకుడు, కవి, కవి పై అధికారి, ఇంటి యజమాని ఉంటారు. కథలో పాత్రను గుర్తుపట్టడానికి అక్కడ ఎవరికీ తాళంచెవి అక్కర్లేదు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అన్నది ఆ సంఘపు ఓబీ మార్కరు. దాన్ని పాతినవాళ్ళలో మనమూ ఉన్నాం. అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి వచ్చే కథలు కూడా ఇదే చూపుతో చదివి చూడవచ్చు. సింగపూర్‌కే పరిమితమైన జబ్బని నేననను.

అయినా రాజ్యభయాన్ని ఉత్త సాకుగా తీసేయడం అన్యాయమవుతుంది. 2017 నుంచి హాంగ్ లిమ్ పార్కులోని స్పీకర్స్ కార్నర్ సభల్లో పౌరులూ శాశ్వత నివాసులూ తప్ప ఇతరులు పాల్గొనడానికి వీల్లేదు. వర్క్ పాస్ మీద ఉన్న తెలుగువాడు అక్కడ దారినపోతూ ఆగినా చిక్కే. అంతకన్నా గట్టి పాఠం జాకిర్ హొస్సేన్ ఖోకన్‌ది. బంగ్లాదేశ్ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళు నిర్మాణరంగంలో పనిచేసిన మనిషి, బెంగాలీ కవి. వలస కార్మికుల కవితల పోటీ 2014లో బంగ్లాదేశీయులకోసం మొదలై తర్వాత ఇతర దేశస్థులకూ విస్తరించింది. మొదటి రెండేళ్ళూ గెలిచింది ఆయనే. తోటి కార్మికులతో పుస్తకపఠన బృందాన్ని నడిపారు. సింగపూర్ సాహిత్యోత్సవాలు ఆయనను ఆహ్వానించాయి, పత్రికలు రాశాయి. 2021 అక్టోబరులో ఒక కార్మిక వసతిగృహంలో జరిగిన గొడవ గురించి ఫేస్‌బుక్‌లో రాస్తూ కార్మికులను బానిసలతో పోల్చారు, వసతిగృహాన్ని సాయుధ వాహనాలు చుట్టుముట్టాయని అన్నారు. 2022లో ఆయన వర్క్ పాస్ పొడిగించలేదు. ఆ రాత అసత్యం, రెచ్చగొట్టేది, శాంతిభద్రతలకు భంగం కలిగించగలిగేది అని కార్మిక మంత్రిత్వశాఖ బహిరంగంగా వివరణ ఇచ్చింది. ఇన్నేళ్ళుగా ఆయన కార్మికుల గురించి రాస్తున్నా పాస్ ఎన్నోసార్లు పొడిగించామని కూడా గుర్తుచేసింది. నిజమే, పొడిగించారు. శవపేటిక కథలో అధికారి కూడా మినహాయింపు ఇచ్చినట్టే గుర్తుంచుకుంటాడు.

జాకిర్ కవితలను ముందు పెట్టుకుని, ఆ ఫేస్‌బుక్ రాతను పక్కన పెట్టుకుని చూస్తే క్యాథరిన్ లిమ్ అనుభవమే మళ్ళీ కనిపిస్తుంది. కవితలో ఇంటిమీద బెంగ, భార్యకు కొన్న చీర, జేబులో మిగలని జీతం ఉన్నంతకాలం ఆ కవి నగరానికి గర్వకారణం. అదే బెంగకు కారణమేమిటో తేదీతో, స్థలంతో, వచనంలో రాసిన రోజున బంతి హద్దు దాటింది. నగరం కోరిన కవిత్వం దిగులు వరకే. ఆ దిగులుకు కర్త ఉండకూడదు. మన ప్రవాస కథ, ఎవరూ అడగకపోయినా, ఆ కోరికను తు.చ. తప్పకుండా తీరుస్తోందన్నది నన్ను కలవరపెట్టే సంగతి. జాకిర్ చెల్లించిన మూల్యం మన రచయితలు చెల్లించాలని అడిగే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. కానీ మూల్యం లేనిచోట కూడా మౌనమే ఉంటే విమర్శ దాన్ని సున్నితత్వమనో, సంయమనమనో, ధ్వని అనో పిలవకూడదు.

కువో 1988లో ‘మామా లుకింగ్ ఫర్ హర్ క్యాట్’ అనే నాటకం తయారుచేశారు. ఇంగ్లీషు, మాండరిన్ మాట్లాడే పిల్లలకు దూరమైపోయిన ఒక హొక్కియెన్ తల్లి, తప్పిపోయిన పిల్లి కోసం వెతుకుతూ ఊరంతా తిరుగుతుంది. 1979లో మొదలైన మాండరిన్ ఉద్యమం పుణ్యమా అని అప్పటికి ఆమె భాష టీవీలోంచీ రేడియోలోంచీ దాదాపు మాయమైంది. దారిలో ఆమెకు తన పిల్లిని వెతుక్కుంటున్న ఒక తమిళ వృద్ధుడు కలుస్తాడు. ఆమెకు తమిళం రాదు, అతనికి హొక్కియెన్ రాదు. చేతులతో, పిల్లి కూతలతో, ఎవరి భాషలో వాళ్ళు, తమ పిల్లి ఎంత ఉంటుందో, దాని తోక ఎలా ఉంటుందో చెప్పుకుంటారు. రంగం మీద అనువాదకుడు లేడు. ప్రేక్షకుల్లో తమిళం వచ్చినవాళ్ళు ముసలాయన మాటలకు నవ్వుతారు, హొక్కియెన్ వచ్చినవాళ్ళు తల్లి మాటలకు నవ్వుతారు, మిగిలినవాళ్ళు పక్కవాళ్ళు ఎందుకు నవ్వారో కనుక్కోవడానికి అటు తిరిగి అడగవలసి వస్తుంది.